60 ముళ్ళ తాడు

చిరంజీవులు బుజ్జికి, పండుకి తాతయ్య దీవెనలు.

బుజ్జీ, మొన్న ఫోన్లో నువ్వొక ప్రశ్న అడిగావు. "గ్రీకులకీ పర్షియా వాళ్ళకీ పడదు కదా తాతయ్యా, మరి పర్షియా రాజు వంతెనకి గ్రీకులే ఎందుకు కాపలా కాశారు?" అని. నేను నోరు తెరిచేలోగా మీ అమ్మ "ముందు అన్నం తిను" అని ఫోను లాక్కుంది. మంచిదే అయింది. ఆ జవాబు ఫోన్లో చెప్పేది కాదు. అలాంటి కాపలా నేనూ ఒకసారి కాశాను.

ముందు వాళ్ళ సంగతి. ఇప్పుడు టర్కీ అంటున్న దేశానికి పడమటి ఒడ్డున మిలేటస్, ఫొకేయా లాంటి గ్రీకు పట్టణాలు వరసగా ఉండేవి. ఐయోనియా అనేవాళ్ళు ఆ ప్రాంతాన్ని. పర్షియా వాళ్ళు ఆ ఊళ్ళని గెలుచుకుని శిస్తు వేశారు. చుట్టుపక్కల జాతులతో కలిపి ఏటా 400 టాలెంట్ల వెండి. (టాలెంట్ అంటే అప్పటి పెద్ద తూకం.) రాజు డేరియస్ ఉండేదేమో సూసాలో, మూడు నెలల నడక దూరాన. అంత దూరం నుంచి ఊరూరా తనవాళ్ళని దింపేకంటే, ఆ ఊళ్ళోనే ఒకణ్ణి పట్టుకుని "నువ్వే ఏలుకో, శిస్తు సరిగ్గా పంపు, యుద్ధమొస్తే ఓడలు తీసుకురా" అనడం తేలిక కదా.

అలాంటివాణ్ణే గ్రీకులు టురన్నోస్ అన్నారు. ఇంగ్లీషులో టైరెంట్ అయింది. మన పుస్తకాల్లో నిరంకుశుడని రాస్తారు. అంటే అంకుశానికి లొంగని ఏనుగులాంటివాడని. మాట బాగానే ఉంది గానీ ఈ ఐయోనియా దొరలకి నప్పదు. వీళ్ళకి అంకుశం ఉంది. అది సూసాలో ఉంది, అంతే.

ఇప్పుడు వంతెన. క్రీ.పూ. 513 ప్రాంతంలో డేరియస్ సిథియన్ల మీదికి దండెత్తాడు. వాళ్ళు నల్లసముద్రానికి ఉత్తరాన గుర్రాల మీద తిరిగే సంచార జాతి. డాన్యూబ్ నది మీద ఓడలు పక్కపక్కన కట్టి వంతెన వేసింది ఈ గ్రీకులే. రాజు అవతలి ఒడ్డుకి దాటాక, ముందుకి సాగబోతూ ఒక తోలు తాడుకి 60 ముళ్ళు వేసి ఈ దొరల చేతికిచ్చాడు. రోజుకో ముడి విప్పుకుంటూ కాపలా ఉండమన్నాడు. ముళ్ళన్నీ అయిపోయినా తాను రాకపోతే ఓడలెక్కి ఇళ్ళకి పొమ్మన్నాడు. ఈ కథ చెప్పింది హెరొడోటస్ అనే పాతకాలపు గ్రీకు చరిత్రకారుడు.

ముళ్ళు అయిపోయాయి. రాజు రాలేదు. సిథియన్లు గుర్రాల మీద వచ్చి, "గడువు తీరింది కదా, వంతెన విప్పేసి పోండి, మీకు స్వేచ్ఛ దొరికినట్టే" అన్నారు. మిల్టియాడిస్ అనే దొర, విప్పేద్దాం అన్నాడట. (నిజంగా అన్నాడో, తరవాత ఏథెన్స్‌లో తన మీద విచారణ జరిగినప్పుడు అలా చెప్పుకున్నాడో అని చరిత్రకారులకి అనుమానం.) అందరూ సరేననబోతుండగా మిలేటస్ దొర హిస్టియేయస్ లేచాడు. డేరియస్ ఉన్నాడు గనకే మనం దొరలం, ఆయన పోతే మిలేటస్‌లో నన్నూ ఉంచరు, మీ ఊళ్ళలో మిమ్మల్నీ ఉంచరు, జనం తమని తామే ఏలుకుంటామంటారు అన్నాడు. అంతే, అందరూ అటు తిరిగిపోయారు. హిస్టియేయస్‌తో కలిపి అటు నిలిచినవాళ్ళ పేర్లు హెరొడోటస్ 11 రాశాడు, ఒక్కొక్కటీ ఊరుతో సహా. నాకైతే ఎగ్గొట్టినవాళ్ళ హాజరుపట్టీలా కనబడుతుంది.

ఇక నా కాపలా. ఐదో తరగతిలో మా మాస్టారు నన్ను లీడరు చేశారు. చదువులో ముందున్నానని కాదు, ఎదురు చెప్పనని. జీతం రోజున ఆయన బస్తీకి వెళ్తూ పేంబెత్తం నా చేతికిచ్చి, అల్లరి చేసినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయమన్నారు. ముంజెల కాలం. మధ్యాహ్నం దాటినా ఆయన రాలేదు. వెనక బెంచీ వాళ్ళు "బెత్తం విరిచి కాలవలో పారేద్దాంరా, పద ముంజెలకి" అన్నారు. నాకూ నోరూరింది. కానీ బెత్తం పోతే నేనెవణ్ణి? మళ్ళీ మూడో బెంచీలో అంచున కూచునేవాణ్ణే కదా. సరే సరే అంటూ బయట చెరుకుగడ ముక్క ఒకటి చటుక్కున విరిచి చూపించాను. బెత్తం చొక్కా వెనక, వీపుకి ఆనుకుని ఉంది. దాని చల్లదనం ఇప్పటికీ గుర్తే.

హిస్టియేయస్ చేసిందీ అదే! సిథియన్ల ఒడ్డు వైపు బాణం వెళ్ళేంత మేర వంతెన విప్పించి, పని మొదలుపెట్టాం చూడండి అన్నాడు. వాళ్ళు నమ్మి, రాజుని వెతుకుతూ పోయారు. ఓ రాత్రి డేరియస్ అలిసిన సైన్యంతో నది దగ్గరికి వచ్చి చూస్తే వంతెన లేదు. చీకటి, వెనక శత్రువు, ముందు అంత నీళ్ళు. రాజు దగ్గర ఒక ఈజిప్టువాడున్నాడు, అతని గొంతుకి సాటి గొంతు లేదట. వాడు ఒడ్డున నిలబడి హిస్టియేయస్ పేరు పెట్టి కేకేశాడు. మొదటి కేకకే హిస్టియేయస్ పలికాడు. ఓడలన్నీ తెచ్చి వంతెన మళ్ళీ కలిపాడు.

మా మాస్టారు గేటు దగ్గర్నుంచి పిలిచినప్పుడు నేనూ మొదటి పిలుపుకే "ఆఁ మాస్టారూ" అన్నాను. అంత తొందరగా పలకాల్సింది కాదేమోనని ఈ వయసులో అనిపిస్తుంది.

తరవాతది తొందరగా చెప్పేస్తాను. డేరియస్ మెచ్చి హిస్టియేయస్‌కి థ్రేస్‌లో ఒక ఊరిచ్చాడు. ఆపైన అనుమానమొచ్చి, నువ్వు లేనిదే తోచదంటూ సూసాకి తీసుకుపోయి పక్కన కూచోపెట్టుకున్నాడు. క్రీ.పూ. 499లో ఐయోనియా ఊళ్ళన్నీ తిరగబడి దొరల్ని పట్టుకున్నాయి. చాలామందిని ఊరికే వదిలేశారు. మిటిలీన్ అనే ఊరివాళ్ళు మాత్రం తమ దొర కోయెస్‌ని రాళ్ళతో కొట్టి చంపారు. అసలు ఆ వంతెన విప్పకుండా ఉంచమని రాజుకి సలహా ఇచ్చింది ఇతనే. 494లో పర్షియా సైన్యం మిలేటస్‌ని పట్టుకుని నాశనం చేసింది. 492లో రాజుగారి అల్లుడు మార్డోనియస్ వచ్చి ఐయోనియా దొరల్ని తీసేసి, జనాన్నే ఏలుకోనిచ్చాడు! ఎవరి బలం చూసుకుని వంతెన కాశారో వాళ్ళే. మా మాస్టారికీ బదిలీ అయింది లెండి, కొత్తాయన లీడర్నే పెట్టలేదు. నా మీద ఎవరూ రాళ్ళు వెయ్యలేదు గానీ వేసవంతా గోళీలాటలో చేర్చుకోలేదు.

పండూ, నీకో పని. ఓ తాడుకి 60 ముళ్ళు వేసి కిటికీకి కట్టు. రోజుకొకటే విప్పాలి, రెండు విప్పావో నాకు తెలిసిపోతుంది. బుజ్జీ, నువ్వు నాన్నతో సాయంత్రం చెరువు గట్టుకి వెళ్ళు. నాన్నని అవతలి గట్టున నిలబెట్టి, చీకటి పడుతుండగా గట్టిగా ఒక పేరు పిలువు. నీళ్ళ మీద గొంతు ఎంత దూరం పోతుందో చూడు. నాన్న ఎన్నో కేకకి పలికాడో నాకు రాయి.

మీ తాతయ్య