రెండు రికార్డులు, ఆగని దరువు

చిరంజీవులు అమ్ములుకు, చిన్నికి,

తాతయ్య ఆశీస్సులు.

అమ్ములూ, నువ్వడిగిన దానికి ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. "డీజే పాడడు, ఏమీ వాయించడు. ఎవరో చేసిన పాటలు పెడతాడు. మరి ఆయన పేరు అంత పెద్ద అక్షరాలతో ఎందుకేస్తారు తాతయ్యా?" అన్నావు. చాలా మంచి ప్రశ్న. చిన్నికి కూడా చదివి వినిపించు.

ముందు మీకు రోలూ రోకలీ సంగతి చెప్పాలి. మా చిన్నప్పుడు ఇళ్ళలో మిక్సీలు లేవు. పెరట్లో ఒకే రోట్లో మా అమ్మా, పెద్దమ్మా చెరో రోకలితో దంచేవాళ్ళు. అమ్మ రోకలి లేస్తుంటే పెద్దమ్మ రోకలి దిగేది. పోటుకూ పోటుకూ మధ్య ఎడం ఎప్పుడూ ఒక్కలాగే ఉండేది. మా మేనత్త పక్కన కూర్చుని, ఆ రెండు పోట్ల సందులో చెయ్యి పెట్టి, చెదిరిన గింజల్ని మధ్యలోకి ఎగదోసి, రోకలి దిగేలోపు చెయ్యి తీసేసేది. నేను ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి. అమ్మకు చెయ్యి నొప్పెడితే మేనత్త లేచి రోకలి అందుకునేది. కళ్ళు మూసుకుని వింటే మనిషి మారిన సంగతే తెలిసేది కాదు. నన్ను మాత్రం రోటి దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. అరుగు మీద కూర్చుని ఆ చప్పుడుకు తొడ మీద తాళం వేసుకునేవాణ్ణి. లయ అంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే.

పాటలు నింపిన నల్లటి గుండ్రటి బిళ్ళను రికార్డు అంటారు, దాన్ని తిప్పి వినిపించేది రికార్డు ప్లేయర్. డీజే ముందు అలాంటి ప్లేయర్లు రెండుంటాయి. అవే ఆ రెండు రోకళ్ళు అనుకోండి. మధ్యలో మిక్సర్ అనే పెట్టె ఉంటుంది. ఏ ప్లేయర్ చప్పుడు ఎంత బయటికి రావాలో దాంతో సరిచేస్తాడు. ఒక పాట అయిపోయేలోపు రెండోది అదే లయలో అందుకోవాలి. ఎదురుగా ఆడుతున్న వాళ్ళ అడుగు తప్పకూడదు.

ఇక న్యూయార్క్ వెళ్దాం. 1973 ఆగస్టు 11. బ్రాంక్స్ అనే పేట, సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు భవనం. సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయికి బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవాలనుంది. డబ్బుల కోసం ఆ భవనంలోని హాల్లో ఒక పార్టీ పెట్టింది. అమ్మాయిలకు 25 సెంట్లు, అబ్బాయిలకు 50 సెంట్లు టికెట్టు. పాటలు పెట్టే పని అన్నయ్య క్లైవ్‌ది. వాడికి అప్పటికి 18 ఏళ్ళు. జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టి, 12 ఏళ్ళప్పుడు ఈ ఊరొచ్చాడు. భారీ మనిషి కాబట్టి స్నేహితులు హెర్క్యులీస్ అని పిలిచేవాళ్ళు. అదే కూల్ హెర్క్ అయింది. హిప్‌హాప్ అనే సంగీతం పుట్టినరోజు అని ఇప్పుడు లోకమంతా చెప్పుకునేది ఆ పార్టీ రోజునే. చెల్లెలి బట్టల కోసం పెట్టిన పార్టీ!

హెర్క్ చేసిన గొప్ప పని చూడటం. రికార్డు పెట్టేసి ఊరుకోకుండా, ఆడుతున్న వాళ్ళ వంక చూశాడు. పాటలో ఒకచోట గొంతు ఆగిపోతుంది, మిగతా వాయిద్యాలు తప్పుకుంటాయి, డ్రమ్ములు మాత్రం మోగుతాయి. దాన్ని బ్రేక్ అంటారు. కొందరు కుర్రాళ్ళు పాటంతా గోడకానుకుని నిలబడి, ఆ బ్రేక్ రాగానే దూకి ఆడటం హెర్క్ కంటపడింది. కానీ అది కొన్ని సెకన్లే. ఆట మొదలయ్యేలోపే అయిపోతుంది. అందుకని అదే రికార్డు రెండు కాపీలు కొని, రెండు ప్లేయర్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో మొదలుపెట్టడం, ఈలోగా మొదటిదాన్ని వెనక్కి తెచ్చుకోవడం. సెకన్ల ముక్క నిమిషాల పాటు సాగింది. దానికి ఆయన పెట్టిన పేరు మెర్రీ గో రౌండ్. నాకైతే అది జంట రోకళ్ళ దంపుడే.

కానీ హెర్క్ ఒక ముక్క మీంచి ఇంకో ముక్క మీదికి దాటేటప్పుడు లయ ఒక్కోసారి తడబడేది. రోకలికి రోకలి తగిలినట్టు. దాన్ని పట్టుకున్నవాడు జోసెఫ్ శాడ్లర్. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అంటే ఆయనే. 1958లో బార్బడోస్‌లో పుట్టి, బ్రాంక్స్‌లో పెరిగాడు. నాన్న రికార్డులు ముట్టుకుని దెబ్బలు తిన్న పిల్లాడు. బడిలో ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నాడు. రికార్డును వేళ్ళతో తాకకూడదని అప్పట్లో అందరూ అనేవాళ్ళు, గీతలు పడతాయని. మా ఇంట్లోనూ అదే మాట, అంచులు పట్టుకునే తీయాలి. ఫ్లాష్ నేరుగా చెయ్యి పెట్టేశాడు. రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరవడమేమిటి?

ఎలా చేశాడో ఓపిగ్గా వినండి, ఇందులో మీకొచ్చిన లెక్కే ఉంది. రికార్డు నిమిషానికి 33 చుట్లు, ఇంకో మూడోవంతు తిరుగుతుంది. అంటే ఒక్కో చుట్టుకు 1.8 సెకన్లు. నిమిషానికి 100 దెబ్బలుండే పాటైతే ఒక్క చుట్టులో మూడు దెబ్బలు. బ్రేక్‌లో 12 దెబ్బలున్నాయంటే, నాలుగు చుట్లు వెనక్కి తిప్పితే మళ్ళీ మొదటి దెబ్బకు వస్తాం. ఫ్లాష్ రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసుకుని, ఆ గీత ఎన్నిసార్లు తన ముందు నుంచి పోయిందో చూస్తూ వెనక్కి తిప్పేవాడు, గడియారం ముల్లును చూసినట్టు. రికార్డు కింద ఉండే రబ్బరు చాప తీసేసి, ఫెల్ట్ గుడ్డకు స్టార్చ్ పట్టించి, బిరుసుగా చేసి వేశాడు. దాంతో కింద పళ్ళెం తిరుగుతూనే ఉంటుంది, పైన రికార్డు వేలి కింద ఆగుతుంది. వదలగానే అదే వేగంతో పోతుంది. జనానికి వినపడకముందే రెండో రికార్డు తన హెడ్‌ఫోన్‌లో వినపడేలా ఒక స్విచ్ కూడా తనే అమర్చుకున్నాడు. మా మేనత్త చెయ్యి మీకు గుర్తొస్తోందా? రెండు పోట్ల మధ్య సందులో దూరి, ఎగదోసి, బయటికొచ్చేసే చెయ్యి అది.

1981లో ఆయన మూడు ప్లేయర్ల మీద చేసిన ఏడు నిమిషాల మిక్స్ ఒక రికార్డుగా వచ్చింది. వినండి. పాటలన్నీ పాతవే, ఆ అల్లిక ఆయనది.

ఫ్లాష్ జతగాడికి థియోడర్ అనే తమ్ముడున్నాడు. 1975 ప్రాంతంలో, 12 ఏళ్ళవాడు, గదిలో పాటలు పెద్దగా పెట్టుకున్నాడు. వాళ్ళమ్మ వచ్చి సౌండు తగ్గించమని కేకలేసింది. వాడు రికార్డు మీద చెయ్యి వేసి పట్టుకుని అమ్మ మాట వింటున్నాడు. ఆ చెయ్యి కాస్త ముందుకీ వెనక్కీ కదిలింది. జిక్కు జిక్కుమని చప్పుడు. అమ్మ వెళ్ళాక వాడు దాన్ని వదల్లేదు, నెలల తరబడి సాధన చేశాడు. స్క్రాచ్ పుట్టింది అలాగే. అంతవరకు గింజల్ని ఎగదోసిన చెయ్యి, ఇప్పుడు తనే మోగింది. పెద్దవాళ్ళు కేకలేస్తుంటే బుద్ధిగా విన్న పిల్లాడికి దక్కిన ఫలం అది. చిన్నీ, నువ్విది రెండుసార్లు చదువుకో.

పనిముట్టు గురించి కొంచెం చెబుతాను. పాత ప్లేయర్లలో మోటారు ఒక పక్కన ఉండి, బెల్టుతో పళ్ళేన్ని తిప్పేది. చెయ్యి వేసి ఆపితే బెల్టు జారేది, మళ్ళీ వేగం అందుకోవడానికి ఆలస్యమయ్యేది. జపాన్‌లో మత్సుషితా కంపెనీ వాళ్ళు 1972లో టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 అనేది తెచ్చారు. అందులో మోటారు సరిగ్గా పళ్ళెం కిందే. ఇంట్లో కూర్చుని పాటలు వినేవాళ్ళ కోసం చేసిందది. డీజేలు దాన్ని తమది చేసుకున్నారు. 1979లో వచ్చిన రకానికి వేగాన్ని 8 శాతం దాకా పెంచడానికీ తగ్గించడానికీ ఒక మీట పెట్టారు. నిమిషానికి 120 దెబ్బల పాటను 125 దెబ్బల పాటతో కలపాలంటే ఆ మీట చాలు.

ఇక డాన్స్ సంగీతం. ఇద్దరు స్నేహితులు, ఫ్రాంకీ నకల్స్, లారీ లెవాన్. లారీ న్యూయార్క్‌లో పారడైజ్ గరాజ్ క్లబ్బులో ఉండిపోయాడు. ఫ్రాంకీ 1977లో షికాగో వెళ్ళి వేర్‌హౌస్ అనే క్లబ్బులో చేరాడు. అక్కడికి వచ్చేవాళ్ళలో నల్లవాళ్ళూ, లాటిన్ అమెరికా మూలాలున్న లాటినోలూ, బయట లోకం దగ్గరికి రానివ్వనివాళ్ళూ ఎక్కువ. 1979 జులై 12న ఆ షికాగోలోనే బేస్‌బాల్ మైదానంలో, రెండు ఆటల మధ్య, డిస్కో రికార్డుల పెట్టెను పేల్చేశారు. జనం మైదానంలోకి దూకి గొడవ చేస్తే రెండో ఆట జరగనే లేదు. ఒక పాట నచ్చకపోతే వినడం మానెయ్యొచ్చు, పేల్చడం ఎందుకు? ఆ విషయం చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. పెద్ద కంపెనీలు డిస్కో నుంచి వెనక్కి తగ్గాయి. ఫ్రాంకీ మాత్రం ఉన్న పాటల్నే టేపు మీదికి ఎక్కించి, కోసి, అతికించి, పొడవు చేసుకున్నాడు. తర్వాత డెట్రాయిట్ కుర్రాడు డెరిక్ మే దగ్గర ఒక డ్రమ్ మెషీన్ కొని దాన్నీ కలిపాడు. వేర్‌హౌస్ పేరు మీదే ఆ సంగీతానికి హౌస్ అని పేరొచ్చింది. దాంట్లో అన్ని దెబ్బలూ ఒకే బలంతో, ఒకే ఎడంతో పడతాయి. 1998లో రీమిక్స్ చేసేవాళ్ళకు తొలిసారి గ్రామీ బహుమతి ఇచ్చినప్పుడు అది ఫ్రాంకీకే ఇచ్చారు. షికాగోలో ఒక వీధికి ఆయన పేరు పెట్టారు. 2014లో పోయాడు.

అమ్ములూ, నీ ప్రశ్నలో "ఎవరో చేసిన పాటలు" అనే మాట ఉంది. దాన్ని నేను తీసిపారెయ్యను. 1969లో ది విన్‌స్టన్స్ అనే బృందం ఒక రికార్డు రెండో వైపున వేసిన పాటలో, గ్రెగరీ కోల్మన్ సుమారు ఏడు సెకన్లు ఒంటరిగా డ్రమ్స్ వాయించాడు. ఆ ఏడు సెకన్లు తర్వాత వేల పాటల్లోకి చేరాయి. ఇంగ్లండ్‌లో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీతాలు వాటి మీదే పెరిగాయి. ఆయనకు వాటి నుంచి డబ్బేమీ రాలేదు. 2006లో పేదవాడిగా పోయాడు. హెర్క్ కూడా తన రికార్డుల మీది లేబుళ్ళు నీళ్ళలో నానబెట్టి ఊడదీసేవాడు, అవి ఏ పాటలో పక్కవాళ్ళకు తెలియకూడదని. పోటీ అలాంటిది, నేను కాదనను. కానీ మీరు మాత్రం ఎవరి దరువుకు ఎగిరితే వాళ్ళ పేరు కనుక్కోండి. ఒక మనిషి చేతుల్లోంచి వచ్చిందది.

రెండు వేర్వేరు పాటలు వేర్వేరు ఏళ్ళలో, వేర్వేరు ఊళ్ళలో పుట్టి, ఒకరినొకరు ఎరగని మనుషులు వాయించినవి, ఒకే లయలో పడగానే మన ఒళ్ళు ఎందుకు పులకరిస్తుందో నేను మీకు విడమరిచి చెప్పలేను. అలా జరుగుతుంది, అంతే. నాకిప్పటికీ జరుగుతుంది.

ఇప్పుడు మీకొక పని. ఇద్దరూ కూర్చుని మీకిష్టమైన పాట ఒకటి పెట్టండి. అమ్ములు గడియారం చూస్తూ నిమిషానికి దెబ్బలెన్నో లెక్కపెట్టాలి. గొంతు ఆగి, మిగతావన్నీ తప్పుకుని, డ్రమ్ములు మాత్రమే మోగే చోటు ఎక్కడో చిన్ని పట్టుకోవాలి. అన్ని పాటల్లోనూ ఉండదు, ఓపిగ్గా వెతకాలి. దొరికాక అది ఎన్నో నిమిషం, ఎన్నో సెకనులో వస్తుందో, డ్రమ్స్ వాయించినవాళ్ళెవరో కనుక్కుని నాకు రాయండి. నేనూ ఆ పాట పెట్టుకుని వింటాను.

ఇట్లు,
మీ తాతయ్య