కార్పొరేటర్ ఏం చేయగలరు, ఏం చేయలేరు: ఓట్లడిగే గల్లీల్లో వినిపిస్తున్న అపోహలు, వాస్తవాలు

పురపాలక ఇంజినీరింగ్ విభాగంలో ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందిన నేను ఈసారి హైదరాబాద్‌లోని మా వార్డు నుంచి కార్పొరేటర్‌గా పోటీ చేయాలనుకుంటున్నాను. ఇంటింటికీ తిరుగుతున్నప్పుడు రోడ్ల గురించి, కుక్కల బెడద గురించి ఎలాగూ అడుగుతున్నారు. అయితే గేటు దాకా వచ్చి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: "మీరు గెలిస్తే మేము ఇంకో అంతస్తు వేసుకోవచ్చా సార్?" ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఇదే మాట విని విసిగిపోయాను. ప్రజలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం తెస్తున్న అపోహ ఇదే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: కార్పొరేటర్ సరేనంటే ఇల్లు కట్టుకోవచ్చు, అంతస్తు పెంచుకోవచ్చు.

వాస్తవం: ఇంటి అనుమతిలో కార్పొరేటర్‌కు ఏ దశలోనూ పాత్ర లేదు. 1955 నాటి కార్పొరేషన్ చట్టం ప్రకారం కార్యనిర్వాహక అధికారం ప్రభుత్వం నియమించే కమిషనర్‌ది. టౌన్ ప్లానింగ్ అధికారులు ఆయన కింద పనిచేస్తారు. 2020లో ఇంటి అనుమతుల కోసం టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాటకుండా కట్టుకొనే ఇంటికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి రుసుముతో నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల వరకు ఉన్న స్థలంలో 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణపై వెంటనే అనుమతి వస్తుంది, అంతకు మించినవాటికి 21 రోజుల గడువు ఉంది. ఇప్పుడు వచ్చిన బిల్డ్‌నౌ అనే అనుమతుల విధానంలోనూ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఈ దారి పొడవునా కార్పొరేటర్ సంతకం పెట్టవలసిన చోటు ఒక్కటీ లేదు. పైగా ధ్రువీకరించిన ప్లానుకు విరుద్ధంగా కడితే ముందస్తు నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చివేసే అధికారాన్ని అదే చట్టం అధికారులకు ఇచ్చింది. ఆ వాక్యాన్ని మాత్రం మన గల్లీ నాయకులెవరూ చదివి వినిపించరు.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, దుస్తులు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించుకున్న ఒకావిడ రెండంతస్తులకు అనుమతి తీసుకొని, అద్దె వస్తుందన్న ఆశతో మూడోది కూడా వేశారు. స్థానిక నాయకుడి వెంట తిరిగే ఒకతను "అన్నతోని మాట్లాడిన, ఏం గాదక్కా" అని చెప్పి డబ్బు తీసుకున్నాడు. శ్లాబు పడిన కొద్ది రోజులకే పక్కింటివారు ఫిర్యాదు చేయడంతో నోటీసు వచ్చింది. అతని ఫోను మాత్రం మళ్లీ కలవలేదు. ఆవిడ గుడ్డసంచి నిండా కాగితాలతో మా కార్యాలయానికి వచ్చారు. అందులో ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఆ నాయకుడితో దిగిన ఫోటో కూడా ఉన్నాయి. పన్ను కట్టించుకున్నారు కాబట్టి మూడో అంతస్తును ప్రభుత్వం ఒప్పుకున్నట్టేనని ఆవిడ గట్టిగా నమ్మారు. అనుమతి లేని భాగానికి వేసే పన్నుపై నూరు శాతం జరిమానా కలుస్తుందని, అది కట్టినంత మాత్రాన కట్టడం క్రమబద్ధం కాదని, పన్ను రసీదు యాజమాన్య హక్కుకు కూడా రుజువు కాదని ఆవిడకు వివరించి చెప్పడానికి నాకు చాలా సేపు పట్టింది. తర్వాత కూతురి పెళ్లి కోసం ఇల్లు అమ్మబోతే, ప్లానుకు ఇంటికి పొంతన లేదని కొనేవారి బ్యాంకు రుణం ఇవ్వలేదు.

దీనికి తోడు ప్రతి ఎన్నికల ముందు "బీఆర్ఎస్ వస్తది, అన్నీ సక్రమమైతయి" అనే పుకారు లేస్తుంది. ఇక్కడ బీఆర్ఎస్ అంటే పార్టీ కాదు, భవన క్రమబద్ధీకరణ పథకం. 2015 నాటి ఆ పథకం ఆ ఏడాది అక్టోబరు 28కి ముందు కట్టినవాటికి ఉద్దేశించింది, అది కూడా హైకోర్టు వ్యాజ్యంలో చిక్కుకుంది. దాన్ని నమ్ముకొని నేడు శ్లాబు వేసేవారికి అందులో చోటు లేదు.

ఇప్పటికే నోటీసు అందుకొని నిద్రపట్టనివారికి నేను చెప్పగలిగేది ఇంతే. నోటీసు మీది తేదీ చూసుకొని, గడువులోపు లిఖితపూర్వకంగా సమాధానం ఇచ్చి, దానికి రసీదు తీసుకోండి. లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడితో ప్లానును, కట్టిన ఇంటిని సరిపోల్చి చూపించండి. నిబంధనలకు లోబడి ఉండి అనుమతి మాత్రమే తీసుకోని భాగమైతే అదనపు రుసుముతో సరిచేసుకొనే అవకాశం కొంతవరకు చట్టంలోనే ఉంది. ఏ నాయకుడి అనుచరుడికీ డబ్బు ఇవ్వకండి. నేను గెలిస్తే నా మొదటి పని, ప్లాను చదివి విడమరచి చెప్పే నిపుణుడిని వారానికోసారి వార్డు కార్యాలయంలో కూర్చోబెట్టడం. కూల్చివేత ఆపమని ఉత్తరాలు రాసి ఇవ్వను. అడిగినవారికి బాధ కలుగుతుందని తెలిసినా ఈ మాట ఇప్పుడే చెబుతున్నాను.

అపోహ: అలాంటప్పుడు కార్పొరేటర్ వల్ల ఒరిగేదేమీ లేదు.

వాస్తవం: ఇది మొదటిదానికి తోడబుట్టిన అపోహ. నగర బడ్జెట్‌ను ఆమోదించేది కౌన్సిల్. అధికారులను ప్రశ్నలడిగి సమాధానం చెప్పించుకొనే వేదిక కూడా అదే. పనుల మంజూరులో కీలకమైన 15 మంది స్థాయీ సంఘాన్ని కార్పొరేటర్లే తమలోనుంచి ఎన్నుకుంటారు. వార్డులో ఏ గల్లీకి ఎస్టిమేట్ వేయాలో ప్రతిపాదించేదీ, మంజూరైన పని ఎక్కడ ఆగిందో వెంటపడి అడగవలసిందీ కార్పొరేటరే. నా అనుభవంలో పనులు ఎక్కువగా ఆగేది డబ్బు లేక కాదు, టెండరు పూర్తయ్యాక అడిగే నాథుడు లేక. కొత్త రోడ్డు పాడైతే కొంతకాలం గుత్తేదారే సొంత ఖర్చుతో బాగుచేయాలన్న షరతు ఒప్పందంలోనే ఉంటుంది, కానీ ఆ గడువు ఎప్పుడు ముగుస్తుందో కాలనీవాసులకు ఎవరూ చెప్పరు. నాలా పూడికతీతలో తీసిన మట్టిని గట్టుమీదే వదిలేస్తే తొలకరి వానకే అది తిరిగి నాలాలోకి జారుతుంది, బిల్లు మాత్రం మట్టి తరలించినట్టే తయారవుతుంది. అందుకే వార్డులో మంజూరైన ప్రతి పని పేరు, మొత్తం, గుత్తేదారు బాధ్యత గడువు వార్డు కార్యాలయం గోడమీద రాయించడం, పూడికతీత వేసవిలోనే ముగించి ఎం.బుక్‌లో, అంటే పనుల కొలతల పుస్తకంలో, కొలతలు నమోదు చేసే రోజున కాలనీ సంఘం ప్రతినిధిని అక్కడ నిలబెట్టడం నా రెండో ప్రాధాన్యం.

అపోహ: నల్లా, డ్రైనేజీ, కరెంటు, రేషన్ కార్డు అన్నీ కార్పొరేషన్‌వే.

వాస్తవం: నల్లా నీళ్లు, పొంగే మ్యాన్‌హోళ్లు జలమండలివి, 1989 నాటి వేరే చట్టంతో ఏర్పడిన ఆ సంస్థకు ముఖ్యమంత్రి అధ్యక్షులు, ఫిర్యాదుకు నంబరు 155313. కరెంటుకు 1912. రేషన్ కార్డు పౌరసరఫరాల శాఖది. చెత్త, వీధి దీపాలు, వాననీటి కాలువలు కార్పొరేషన్‌వి, వాటికి 040-21111111. ఫిర్యాదు సంఖ్య రాసిపెట్టుకొని వస్తే ఏ కార్పొరేటరైనా దాన్ని పట్టుకొని అడగగలరు.

అపోహ: ఆస్తి పన్ను బకాయి ఎలాగూ మాఫీ అవుతుంది.

వాస్తవం: గతంలో ప్రకటించిన వన్‌టైమ్ సెటిల్‌మెంట్లలో తగ్గించింది బకాయిపై పేరుకున్న వడ్డీలో 90 శాతాన్నే, అసలు పన్నును కాదు. నెలకు 2 శాతం చొప్పున పెరిగే ఆ వడ్డీతో పందెం కాయడం కంటే, ఏప్రిల్‌లో ముందస్తుగా కట్టి 5 శాతం రాయితీ పొందడం మేలు.

అపోహ: సాయం కావాలంటే నాయకుడి చీటీ ఉండాలి.

వాస్తవం: 2020 అక్టోబరు వరదల తర్వాత పదివేల రూపాయల సాయం కోసం మీసేవ కేంద్రాల ముందు వృద్ధులు గంటల తరబడి నిలబడటం నేను చూశాను. మీసేవకు రానక్కర్లేదని, బృందాలే ఇళ్లకు వస్తాయని అధికారులు ప్రకటించాక కూడా వరుసలు తగ్గలేదు, ఎందుకంటే "పేరు లోపలికి పోవాలంటే మనోడి చీటీ గావాలె" అనే మాట అంతకంటే వేగంగా పాకింది. ఆ మాట పుట్టించినవారిపై కోపం వచ్చింది కానీ, ఇల్లు మునిగి వరుసలో నిలబడ్డవారిని ఏమనగలం?

అపోహ: ఓటరు కార్డు ఉంది కాబట్టి ఓటు ఉన్నట్టే.

వాస్తవం: కార్డు గుర్తింపుకు మాత్రమే, పేరు వార్డు ఓటర్ల జాబితాలో ఉండాలి. ఆ జాబితాను శాసనసభ నియోజకవర్గ జాబితా నుంచి వార్డులవారీగా విడదీస్తారు కాబట్టి, అందులో లేని పేరు ఇందులోకి రాదు. 2020 డిసెంబరు 1న జరిగిన ఎన్నికల్లో 150 వార్డులకు కలిపి సుమారు 46 శాతం మందే ఓటు వేశారు. 2025 చివర్లో చుట్టుపక్కల పురపాలక సంఘాల విలీనంతో వార్డుల హద్దులు మారాయి, మీ పాత వార్డు సంఖ్య ఇప్పుడు చెల్లకపోవచ్చు. పేరు కొత్తగా చేర్చడానికి ఫారం 6, ఇల్లు మారినవారికి ఫారం 8. ముసాయిదా జాబితా వచ్చిన రోజే ఇంట్లోవారందరి పేర్లూ, పోలింగ్ కేంద్రమూ సరిచూసుకొని, తేడా ఉంటే అభ్యంతరాల గడువు లోపే రాసివ్వండి.