‘ప్రొమీథియస్’లో నిజంగా లాజిక్ తప్పింది ఎక్కడ? అపోహలు - వాస్తవాలు

రిడ్లీ స్కాట్ 1979లో ‘ఏలియన్’ తీశారు. దానికి ప్రీక్వెల్‌గా 2012లో ఆయనే ‘ప్రొమీథియస్’ తీశారు. బెజవాడ గాంధీనగర్‌లో సినిమా వాళ్ల మధ్య కూర్చున్నా, గుంటూరులో కాలేజీ కుర్రాళ్ల మధ్య కూర్చున్నా దీని మీద ఒకటే తీర్పు వినిపిస్తుంది: "విజువల్స్ అదుర్స్, లాజిక్ నిల్." స్క్రిప్టుల మీద పనిచేసేవాళ్లం ఈ తీర్పుతో సగమే ఏకీభవిస్తాం. సినిమా జవాబు చెప్పకుండా వదిలేసిన ప్రతి ప్రశ్ననీ లోపం అనలేం. తాను చెప్పిన మాటను తానే మర్చిపోయినప్పుడు, పాత్ర తన చదువునూ స్వభావాన్నీ పక్కన పెట్టి కథ కోసం నడిచినప్పుడు లోపం అంటాం. కింద ముగింపుతో సహా అన్నీ మాట్లాడాం, చూడనివాళ్లు చూశాకే చదవండి.

అపోహ: ‘ఏలియన్’లో కుర్చీలోనే శిలాజమైపోయిన పైలట్ కనిపిస్తాడు. ఇక్కడ ఇంజినీర్ (మనుషుల్ని సృష్టించినట్టు సినిమా చూపే గ్రహాంతర జాతివాడు) లైఫ్‌బోట్‌లో చనిపోతాడు. రెండు కథలకీ అతకలేదు.

వాస్తవం: ఇవి రెండు వేర్వేరు ఉపగ్రహాలు. ప్రీక్వెల్ జరిగేది ఎల్‌వీ-223 మీద. పాత సినిమాలో ఓడ దిగిన చోటికి 1986లో వచ్చిన సీక్వెల్ ఎల్‌వీ-426 అని పేరు పెట్టింది. ఆ ఓడ వేరు, ఆ పైలట్ వేరు. ఇలాంటి అంతరిక్ష నౌకలు ఇంకా ఉన్నాయని మనిషి రూపంలోని రోబో డేవిడ్ చివర్లో కథానాయిక, శాస్త్రవేత్త షాకి చెబుతాడు కూడా.

అపోహ: 2093లో జరిగే కథలో టెక్నాలజీ ‘ఏలియన్’ కంటే కొత్తగా ఉంది, కాబట్టి తప్పు.

వాస్తవం: ‘ఏలియన్’లోని నోస్ట్రోమో 2 కోట్ల టన్నుల ఖనిజాన్ని లాక్కెళ్లే సరుకు ఓడ. ప్రొమీథియస్ ఒక కోటీశ్వరుడు సొంత పని కోసం కట్టించుకున్నది. కనకదుర్గ వారధి మీద ఒకే నిమిషంలో కంకర లారీ, ఖరీదైన కారూ పక్కపక్కనే పోతాయి కదా!

అపోహ: ఆపరేషన్ యంత్రం మగవాళ్లకే పనిచేయడం మరీ కృతకం.

వాస్తవం: ఈ స్క్రిప్టులో అన్నింటికన్నా శ్రద్ధగా అల్లిన ముడి ఇదే. ఆ యంత్రం ఉన్నది కంపెనీ తరఫున యాత్రను నడిపే వికర్స్ గదుల్లో. ఆమె ఆడమనిషి, యంత్రం మాత్రం మగ రోగికి సెట్ చేసి ఉంది. అంటే ఓడలో కనిపించని మగవాడు ఇంకొకడున్నాడు. కాసేపటికి ఈ యాత్రకు డబ్బు పెట్టిన ముసలి వేలాండ్ బయటపడతాడు. ఒక్క డైలాగ్‌తో షాకి అడ్డంకి పెట్టారు, ప్రేక్షకుడికి ఆధారమూ ఇచ్చారు.

అసలు లోపం దాని తర్వాత వస్తుంది. రోగం సోకిన హాలోవేని (షా తోటి శాస్త్రవేత్త, ప్రియుడు) ఓడలోకి రానివ్వకుండా వికర్స్ మంటల్లో కాల్చేసింది. అంత కట్టడి చేసిన ఓడలోనే షా తన కడుపులో పెరిగిన జీవిని ఆ యంత్రంతో కోయించి తీయించుకుని, రక్తమోడుతూ వేలాండ్ గదిలోకి నడిచొస్తే ఎవరూ క్వారంటైన్ మాట ఎత్తరు. యంత్రంలో ఆ జీవి ఇంకా బతికే ఉందని ఆమే ఎవరికీ గట్టిగా చెప్పదు. "అంత పెద్ద కోత పడ్డాక ఎలా పరిగెత్తింది?" అని జనం అడుగుతారు. మత్తు ఇంజెక్షన్లు పొడుచుకోవడం చూపించారు, అతిశయోక్తి అనుకుని వదిలేయొచ్చు. ఈ మౌనాన్ని మాత్రం వదలలేం. అక్కడ ఇద్దరు మనుషులు నాలుగు మాటలు అనుకుంటే రాబోయే క్లైమాక్స్ కూలిపోతుంది, అందుకే అననివ్వలేదు.

అపోహ: మ్యాప్ తీసిన భూగర్భ శాస్త్రవేత్త ఫైఫీల్డే దారి తప్పడం సినిమాలోకెల్లా పెద్ద తప్పు.

వాస్తవం: గాల్లో తిరిగే స్కానర్లు పంపిన మ్యాప్ ఓడలోని బల్ల మీద తెరుచుకుంటుంది. కాబట్టి దారి తప్పడం నమ్మొచ్చు. నమ్మలేనిది కెప్టెన్ ప్రవర్తన. వాళ్లెక్కడున్నారో ఆయనకు తెర మీద కనిపిస్తోంది, రేడియోలో మాట్లాడుతున్నాడు, దగ్గర్లో ఏదో కదిలిందని కూడా చెప్పాడు. అయినా ఎవరినీ కాపలా పెట్టకుండా కుర్చీ వదిలి వెళ్లిపోతాడు.

మిల్‌బర్న్ సంగతి ఇంకా బాధ. చచ్చిన ఇంజినీర్‌ని చూసి భయపడి వెనక్కి తిరిగిన జీవశాస్త్రవేత్త, పడగ విప్పినట్టు లేచిన జీవి దగ్గరికి చెయ్యి చాస్తాడు. మన మిర్చి చేలో పనిచేసే ఎవరైనా పడగ చూస్తే రెండడుగులు వెనక్కి వేస్తారు. అతను అంతకుముందు ఒక చిన్న పురుగును కనిపెట్టి మురిసిపోయే సీన్ తీశారు, ఎడిటింగ్‌లో పోయింది. అది ఉంటే ఈ తెగింపుకు కొంత కారణం దొరికేది.

అపోహ: సైన్స్ అంతా సరిగ్గానే ఉంది, తప్పులన్నీ మనుషులవే.

వాస్తవం: గాలిలో కార్బన్ డయాక్సైడ్ 3 శాతం దాటింది, సూట్ లేకపోతే రెండు నిమిషాల్లో పోతారు అంటారు. 3 శాతానికి ఆయాసం, తలనొప్పి వస్తాయి. అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ (NIOSH) 15 నిమిషాల వరకు సిఫార్సు చేసే పరిమితే అది. వికర్స్ ఒకచోట భూమికి అర బిలియన్ మైళ్ల దూరంలో ఉన్నామంటుంది. అంటే 80 కోట్ల కిలోమీటర్లు, దాదాపు మన బృహస్పతి దాకా వెళ్లినంత దూరమే. సినిమా మొదట్లో తెర మీద పడిన అంకె 327 లక్షల కోట్ల కిలోమీటర్లు, సుమారు 34.5 కాంతి సంవత్సరాలు. తన అంకెను తానే కాదన్నది కాబట్టి చిన్నదైనా ఇది లోపమే.

భాష విషయం మరీ తమాషా. డేవిడ్ దారిలో ఇండో-యూరోపియన్ మూలభాష (సంస్కృతం, గ్రీకు, ఇంగ్లిష్ లాంటి భాషలకు మూలమని పండితులు ఊహించి కట్టిన భాష) నేర్చుకుంటాడు. 1868లో జర్మన్ భాషావేత్త ష్లైకర్ ఆ భాషలో రాసిన కథను వల్లె వేస్తాడు. ఇంజినీర్‌తో మాట్లాడటానికి ముందే వేసిన పునాది ఇది, బాగుంది. కానీ షా, హాలోవే చూపించిన నక్షత్ర పటాలు ఈజిప్టు, మాయా, సుమేరు, హవాయి నాగరికతలవి. వాటి భాషల్లో ఒక్కటీ ఆ కుటుంబానికి చెందదు. మన తెలుగూ చెందదు.

అన్నిటికన్నా బరువైన లోపం నల్లని ద్రవం. ఒకచోట ఇంజినీర్‌ని కరిగిస్తుంది, ఒకచోట పురుగును పాము చేస్తుంది, హాలోవేకి జబ్బు తెస్తుంది, ఫైఫీల్డ్‌ని రాక్షసుణ్ణి చేస్తుంది. ‘ఏలియన్’లో గుడ్డు, ముఖాన్ని పట్టేది, ఛాతీ చీల్చేది, పెద్ద జంతువు అనే వరుస ఒకటే. వరుస తెలిసినప్పుడే తర్వాతి మెట్టు కోసం భయపడతాం. ఇక్కడ ఏదైనా జరగొచ్చు, అందుకే భయం నిలవదు.

అయినా ఈ సినిమాను మళ్లీ మళ్లీ చూడాలనిపించేది డేవిడ్ వల్ల. ఎంతదాకా వెళ్తావని హాలోవేని అడుగుతాడు, ఏదైనా చేస్తాననిపించుకుంటాడు, ఆ తర్వాతే వేలి కొసన ఉన్న నల్లని ద్రవం చుక్కను అతని గ్లాసులో ముంచుతాడు. డేవిడ్‌గా నటించిన మైకేల్ ఫాస్‌బెండర్ ఆ క్షణంలో ముఖం కదపడు. ఆ వేలిని మాత్రం చూడండి.