సంచి మీద పేరు, గింజలో వంశం

పిల్లలూ, మీ అందరికీ ఆశీస్సులు.

విత్తనాల కొట్టులో మొక్కజొన్న సంచుల మీద ఇన్నిన్ని పేర్లుంటాయి కదా, అవన్నీ నిజంగా వేరువేరు రకాలేనా అని మొన్న ఫోన్‌లో అడిగారు. చాలా మంచి ప్రశ్న. 1970లో అమెరికా రైతులు దీనికి జవాబు పంట పోగొట్టుకుని మరీ తెలుసుకున్నారు.

హైబ్రిడ్ విత్తనం, అంటే రెండు వేర్వేరు రకాలను కలిపి తీసే విత్తనం కావాలంటే తల్లి వరుసల్లోని మొక్కలకు మగపూత పీకేయాలి. అప్పుడే పక్క వరుసల్లోని తండ్రి మొక్కల పుప్పొడి వాటి పీచు మీద పడుతుంది. ఎండలో బోలెడంతమంది చేయాల్సిన పని అది. టెక్సాస్‌లో ఒక రకం దొరికింది, దాని మగపూతలో పుప్పొడే పనిచేయదు. ఇక పీకే పని తప్పిందని విత్తన కంపెనీలు ఆ లక్షణాన్నే తల్లి మొక్కల్లోకి ఎక్కించాయి. 1970 నాటికి దేశంలోని మొక్కజొన్నలో దాదాపు 85 శాతం దాన్ని మోస్తోంది. ఆ ఏడు వచ్చిన ఆకు ఎండు తెగులు సరిగ్గా ఆ మొక్కలనే పట్టుకుంది. సుమారు 15 శాతం పంట పోయింది. సంచుల మీద పేర్లు ఎన్నో, లోపల బలహీనత మాత్రం ఒక్కటే!

రకాలు నిజంగా వేరో కాదో తెలుసుకోవడానికి ఇప్పుడైతే ఆకు ముక్క చాలు. దాన్ని నూరి డీఎన్‌ఏ తీస్తారు. అది ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాల రాత. మొక్కజొన్నలో సుమారు 230 కోట్ల అక్షరాలుంటాయి. అందులో కొన్నిచోట్ల ‘జీఏ జీఏ జీఏ’ అంటూ ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక రకంలో 12 సార్లు ఉంటే ఇంకోదాంట్లో 17 సార్లు ఉండొచ్చు. అలాంటి చోటు మార్కర్‌గా, అంటే రకాన్ని గుర్తుపట్టే ఆనవాలుగా పనికొస్తుంది. పీసీఆర్ మెషీన్‌లో ఆ భాగానికి కోట్ల కాపీలు తీసి, జెల్ అనే మెత్తటి పలకలో పోసి కరెంటు పెడితే పొట్టివి ముందుకు ఉరుకుతాయి, పొడుగువి వెనకబడతాయి. అమ్మానాన్నలు తేడాగా ఉన్న చోట నిజమైన హైబ్రిడ్‌లో రెండు చారలు రావాలి, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. అమ్మ చార ఒక్కటే వచ్చిందంటే, తల్లి మొక్క పుప్పొడి తన పీచు మీదే పడి ఉంటుందని అనుమానించాలి.

కణంలో డీఎన్‌ఏను మోసే పోగులైన పది జతల క్రోమోజోముల మీదా ఇలా చాలాచోట్ల చూస్తే ఏ రకం దేనికి దగ్గరి చుట్టమో తేలుతుంది. అయోవాలో పుట్టిన బి73, మిస్సోరీలో పుట్టిన ఎంఓ17 దూరపు వంశాలు. వాటిని కలిపిన హైబ్రిడ్ అక్కడ చాలా ఏళ్లు పేరు తెచ్చుకుంది. అలాగని దూరం పెరిగినకొద్దీ దిగుబడీ పెరుగుతుందని లెక్క కట్టేయకండి. పొలంలో వేసి చూడాల్సిందే.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఇంకొకటుంది. 1970 నాటి లోపం ఆ క్రోమోజోముల్లో లేనే లేదు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంటుంది, మొక్కజొన్నలో అది తల్లి నుంచే వస్తుంది. లోపం దాక్కున్నది అక్కడ. టి-యూఆర్‌ఎఫ్13 అనే ఆ జన్యువు సంగతి 1986లో బయటపడింది. తండ్రులను ఎన్నిసార్లు మార్చినా ఆ బలహీనత ఎందుకు పోలేదో ఇప్పుడు అర్థమైందిగా? అందుకే క్రోమోజోముల మార్కర్లతో ఆగిపోకుండా మైటోకాండ్రియా డీఎన్‌ఏ కూడా చూడమని కుర్ర పరిశోధకులకు చెబుతుంటాను.

సెలవులకు వచ్చినప్పుడు జెల్ ఫోటోలు చూపిస్తాను. ఏది హైబ్రిడ్డో మీరే చెప్పాలి.

ప్రేమతో,
మీ తాతయ్య