ద్రాక్షతోటల మధ్య ఇల్లు కొనాలా? నాపా, సొనోమాల మీద అపోహలు - వాస్తవాలు

నాపా, సొనోమా కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన పక్కపక్కనే ఉన్న వైన్ కౌంటీలు. శనివారం సాయంత్రాలు నాకు ఫోన్లు ఎక్కువ. ఫ్రీమాంట్ నుంచో సన్నీవేల్ నుంచో ఒక జంట నాపా వస్తారు, రెండు వైనరీలు తిరుగుతారు, యౌంట్‌విల్‌లో భోంచేసి కారెక్కుతూ నాకు ఫోన్ కొడతారు. "అన్నా, ఇక్కడే ఇల్లు చూసెయ్యండి." సొనోమా కౌంటీలోని శాంటా రోసాలో నేను రియల్టర్‌ని, ఇళ్ళు కొనిపెట్టేవాణ్ణి. ఆ ఫోన్‌కి నా జవాబు ఎప్పుడూ ఒకటే: మంగళవారం పొద్దున ఏడింటికి రండి, చూద్దాం.

వచ్చేవాళ్ళలో చాలామంది ద్రాక్షని చూసి ఊరు ఎంచుకుంటారు. ద్రాక్షకి ఏం కావాలి? వేసవంతా చినుకు పడకూడదు, పగలు ఎండ కాయాలి, రాత్రి చలెయ్యాలి, నీళ్ళు నిలవని నేల కావాలి. ఇవే మీ ఇంటికి కూడా కావాలా అన్నది ఒకసారి ఆలోచించండి. కింద రాసినవన్నీ అక్కణ్ణుంచే వస్తాయి.

అపోహ: ఉత్తరానికి పోయేకొద్దీ చల్లగా ఉంటుంది.

ఇక్కడ తిరగబడుతుంది. నాపా లోయకి ఏసీ దక్షిణాన ఉన్న శాన్ పాబ్లో అఖాతం. పొగమంచు, చల్లగాలి అక్కడినుంచి పైకి పాకుతాయి. అందుకే వేసవి మధ్యాహ్నం నాపా పట్నంలో హాయిగా ఉన్నప్పుడు, 25 మైళ్ళు ఉత్తరాన కాలిస్టోగాలో పది డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువ ఉండటం మామూలే. సొనోమా వైపు కూడా అంతే: ఉత్తరాన ఉన్న క్లోవర్‌డేల్ వేడి, దక్షిణాన ఉన్న పెటలూమా చల్లన. పెటలూమాకి ఇంకో గుణముంది. తీరంలో కొండల మధ్య ఉన్న సందులోంచి సముద్రపు గాలి మధ్యాహ్నం దాటాక తోసుకొస్తుంది. ఆ గాలి పేరుమీదే 2017 చివర్లో 'పెటలూమా గ్యాప్' అని ద్రాక్ష ప్రాంతానికి విడిగా గుర్తింపు ఇచ్చారు. పెరట్లో గొడుగు వేసుకుని టీ తాగుదామనుకునేవాళ్ళు ఒకసారి సాయంత్రం నాలుగింటికి వెళ్ళి నిలబడి చూడండి.

అపోహ: తోట పక్కన కొంటే, రేపు ఆ తోట ప్లాట్లవుతుంది, మన ధర పెరుగుతుంది.

ఈ మాట మనవాళ్ళ నోట తప్ప నేనింకెవరి దగ్గరా వినలేదు. తప్పు పట్టను, నేను మేడ్చల్ వాణ్ణి. చిన్నప్పుడు మేడ్చల్, శామీర్‌పేట వైపు పందిళ్ళ కింద నడిస్తే తలకి అనాబ్-ఎ-షాహి ద్రాక్ష గుత్తులు తగిలేవి. నీళ్ళు అడుగంటాయి, హైదరాబాద్ పెరిగింది, పందిళ్ళు పీకి హద్దురాళ్ళు పాతారు. తోట అంటే ఇంకా అమ్మని వెంచర్ అని మన లెక్క.

నాపాలో ఆ లెక్క కుదరదు. 1968 ఏప్రిల్‌లో ఈ కౌంటీ లోయ అడుగునున్న భూమిని వ్యవసాయ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అమెరికాలో అలాంటిది అదే మొదటిది. అప్పట్లో 20 ఎకరాలకి తక్కువ ముక్క చెయ్యకూడదన్నారు, 1979లో దాన్ని 40 చేశారు. కొండవాలు వైపు తర్వాత 160 దాకా వెళ్ళింది. 1990లో మెజర్ జె అని ఓటు పెట్టారు: వ్యవసాయ భూమిని వేరే వాడకానికి మార్చాలంటే కౌంటీ ప్రజలంతా ఓటేసి ఒప్పుకోవాలి. 2008లో మెజర్ పి దాన్ని 2058 వరకూ పొడిగించింది. అంటే మీ కిటికీలోంచి కనిపించే తోట తోటగానే ఉంటుంది. మీరు బతకడానికి అది మంచి కబురు. ప్లాట్లు వేద్దామనుకుంటే మాత్రం తప్పు చోటికొచ్చారు. ఇళ్ళు కట్టే జాగా తక్కువ కాబట్టే ధరలు ఇంతున్నాయి.

అపోహ: తోట పక్కన ప్రశాంతంగా ఉంటుంది.

ఇది నేనే నమ్మి సొనోమాలోని విండ్సర్ ఊరి చివర్లో మొదటి ఇల్లు కొన్నాను. ఏప్రిల్‌లో మా అత్తగారు ఇండియా నుంచి వచ్చారు. మూడో రాత్రో నాలుగో రాత్రో, తెల్లవారుజామున మూడింటికి తలుపు దబదబా బాదారు. "బిడ్డా, లేవే! హెలికాప్టర్ మనింటి మీదకే దిగుతున్నట్టుంది."

హెలికాప్టర్ కాదు, పక్క తోటలో విండ్ మెషీన్. గాలి కదలని రాత్రి చల్లగాలి నేలకి అంటుకుని కూర్చుంటుంది, కాస్త వెచ్చని గాలి దానికి పైన ఉంటుంది. లేతచిగురు మంచుకి మాడిపోకుండా స్తంభం మీది పెద్ద రెక్కలు తిరిగి ఆ వెచ్చదనాన్ని కిందకి లాగుతాయి. మార్చి నుంచి మే సగం దాకా ఏ రాత్రి మోగుతుందో ఎవరూ చెప్పలేరు. తర్వాత బూడిద తెగులుకి గంధకం చల్లుతారు, ఆ ట్రాక్టర్లు చీకట్లోనే మొదలవుతాయి. ఆగస్టు నుంచి కోత, అదీ రాత్రిపూటే, ఫ్లడ్‌లైట్ల కింద, పళ్ళు చల్లగా ఉండాలని. ఫిర్యాదు చేద్దామా? సొనోమాలో 'రైట్ టు ఫామ్' ఆర్డినెన్స్ ఉంది. సాగు వల్ల వచ్చే చప్పుడు, దుమ్ము, వాసన భరించాల్సిందేనని కొనే ముందే మీకు కాగితం ఇస్తారు. నేనూ ఆ కాగితం మీద సంతకం పెట్టాను, చదవకుండా. రియల్టర్‌ని!

అపోహ: మంటలు కొండల మీదున్న వాళ్ళకే.

2017 అక్టోబర్ 8 రాత్రి కాలిస్టోగా దగ్గర అంటుకున్న టబ్స్ ఫైర్ అనే కార్చిచ్చు ఎదురులేని గాలికి కొండలు దాటి, తెల్లారకముందే శాంటా రోసాలోకి వచ్చేసింది. వచ్చి ఆగలేదు. ఆరు లేన్ల 101 హైవే మీదుగా నిప్పురవ్వలు ఎగిరి అవతలి కాఫీ పార్క్ అనే పేటలో పడ్డాయి. అది చదునైన నేల, వరసగా ఇళ్ళు, అప్పటి మ్యాపుల్లో మంటల ప్రమాదం లేని చోటు. అక్కడొక్కచోటే వెయ్యికి పైగా ఇళ్ళు పోయాయి. మొత్తం మంటలో 22 మంది చనిపోయారు. 2019లో కిన్‌కేడ్ ఫైర్‌కి హీల్డ్స్‌బర్గ్, విండ్సర్ ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ చేయించారు. 2020లో గ్లాస్ ఫైర్ సెయింట్ హెలీనా, కాలిస్టోగా చుట్టూ తిరిగింది.

భయపెట్టడానికి కాదు, నేనూ ఇక్కడే ఉన్నాను. చెప్పేది ఇన్సూరెన్స్ గురించి. ఇల్లు నచ్చగానే, ఆఫర్ రాయకముందే, ఆ అడ్రస్‌కి కోట్ తెప్పించుకోండి. మామూలు కంపెనీ ఏదీ ఇవ్వనంటే మిగిలేది రాష్ట్రంలో ఆఖరి దిక్కు, ఫెయిర్ ప్లాన్. అది ముఖ్యంగా మంటలకే. దొంగతనం, పైపు పగిలి నీళ్ళు రావడం, మీ మెట్ల మీద ఎవరైనా జారిపడటం లాంటివాటికి ఇంకో పాలసీ కలుపుకోవాలి. రెండూ కలిపాక నెలసరి ఖర్చు చూసి వెనక్కి తగ్గిన వాళ్ళున్నారు. లోన్ అప్రూవ్ అయ్యాక ఆ అంకె చూసి తల పట్టుకోవడం కన్నా అది నయం.

అపోహ: ఐదెకరాలు కొని చిన్న వైనరీ పెట్టుకోవచ్చు.

నాపా కౌంటీలో 1990 నుంచి కొత్త వైనరీకి కనీసం 10 ఎకరాలు కావాలి. వాలు 5 శాతం దాటితే తీగ నాటడానికే నేలకోత ప్లాన్ పెట్టి అనుమతి తెచ్చుకోవాలి. "పోనీ ఎయిర్‌బీఎన్‌బీకి ఇచ్చి లోన్ కట్టుకుంటాం" అంటారు. నాపాలో పట్నాల హద్దు దాటితే 30 రోజుల లోపు అద్దె నిషేధం.

ఊరి బయట ఇంటికి బోరు, సెప్టిక్ ట్యాంక్ కూడా ఉంటాయి. బోరు గురించి మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇక్కడ వానలు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకానే కాబట్టి ఫిబ్రవరి టెస్టు చూసి మురిసిపోకండి, సెప్టెంబర్‌లో నిమిషానికి ఎన్ని గాలన్లు వస్తాయో అడగండి. సెప్టిక్‌కి అనుమతి పడకగదుల లెక్కన ఇస్తారు. అమ్మానాన్నల కోసం ఇంకో గది వేద్దామంటే మొదట తవ్వాల్సింది పెరడు.

అపోహ: శాన్ ఫ్రాన్సిస్కో 50 మైళ్ళేగా, రోజూ వెళ్ళొచ్చు.

మైళ్ళు నిజమే. నాపా నుంచి ఆఫీసుకెళ్ళే రైలు లేదు. ఉన్న వైన్ ట్రైన్ కూర్చోబెట్టి భోజనం పెట్టి మళ్ళీ నాపాలోనే దింపుతుంది. హైవే 29 యౌంట్‌విల్ దాటాక అటో లేన్, ఇటో లేన్. హైవే 37 మీద వలేహో, సియర్స్ పాయింట్ మధ్య సంగతి తెలియాలంటే ఒక సాయంత్రం ఇరుక్కుని చూడాల్సిందే. సొనోమా వైపు 'స్మార్ట్' అనే లోకల్ రైలుంది. 2017లో శాంటా రోసా, శాన్ రఫేల్ మధ్య మొదలై, ఇప్పుడు విండ్సర్ నుంచి లార్క్‌స్పర్ దాకా నడుస్తోంది. అక్కడ శాన్ ఫ్రాన్సిస్కోకి ఫెర్రీ ఎక్కొచ్చు. వారానికి రెండ్రోజులు ఆఫీసైతే పెటలూమా, రోనర్ట్ పార్క్ చూడమంటాను. ఐదు రోజులూ అయితే అసలు ఇటు రావద్దంటాను.

అపోహ: మనవాళ్ళు ఎక్కడెక్కువో ఏజెంట్ చెప్తాడు.

చెప్పను, చెప్పకూడదు. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతిని బట్టి, పుట్టిన దేశాన్ని బట్టి కొనేవాళ్ళని ఫలానా పేటకి నడిపించడాన్ని చట్టవిరుద్ధం చేసింది. "అన్నా, మనలో మనకేంటి" అంటారు. మనలో మనకైనా నా లైసెన్స్ పోతుంది. సెన్సస్ లెక్కలు అందరికీ తెరిచే ఉన్నాయి, మీరే చూసుకోండి.

గుడి ఎక్కడుందో మాత్రం చెప్పొచ్చనుకుంటాను. తోటలూ కావాలి, గుడీ దగ్గరుండాలి అంటే శాన్ ఫ్రాన్సిస్కోకి తూర్పు వైపున్న లివర్‌మోర్ వెళ్ళి చూడండి. 1883 నుంచి వైన్ చేస్తున్న ఊరు, దక్షిణపు అంచున తోటలు, ఉత్తరం వైపు శివావిష్ణు ఆలయం. పొద్దున 580 హైవే మీద ట్రాఫిక్‌కి మాత్రం సిద్ధపడండి. అక్కడ నేను పని చెయ్యను, ఆ కమిషన్ ఇంకొకరికి పోతుంది. మా ఆవిడకి ఈ పేరా చూపించలేదు.