హెచ్‌ఐవీ మందు మారాక బరువు, షుగర్: అపోహలు - వాస్తవాలు

మొన్న ఒకావిడ మందుల బాటిల్‌ను నా టేబుల్ మీద బోర్లించింది. నెలకు ఇచ్చేవి 30 మాత్రలు. నెల తిరిగినా ఇంకా 14 ఉన్నాయి. "కొత్త మందుకు మారాక రవికెలన్నీ బిగుతైపోయాయి సార్. అందుకే రోజు విడిచి రోజు వేసుకుంటున్నా" అంది. నాకు గుండె జారినంత పనైంది.

ఆవిడ పాత మందు టీఎల్‌ఈ, అంటే ఎఫావిరెంజ్ ఉన్నది. ఇప్పటిది డొలుటెగ్రావిర్ ఉన్న టీఎల్‌డీ. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో చాలామందికి ఇలాగే మారింది.

అపోహ: పెరిగిన బరువంతా కొత్త మందు వల్లే.

కొంత నిజం ఉంది, కాదనను. కానీ జబ్బుతో చిక్కిపోయి వచ్చినవాళ్లు మందు మొదలుపెట్టాక ఒళ్లు చేస్తే, అది పోయిన బరువు తిరిగి రావడం. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఎఫావిరెంజ్ కొందరిలో బరువు పెరగకుండా పట్టి ఉంచుతుంది. జోహన్నెస్‌బర్గ్‌లో జరిగిన అడ్వాన్స్ అధ్యయనంలో, ఆ మందు పుట్టుకతోనే ఒంట్లోంచి నెమ్మదిగా పోయే తత్వం ఉన్నవాళ్లు, అంటే మందు ఒంట్లో ఎక్కువ నిలిచేవాళ్లు, తక్కువ బరువు పెరిగారు. అంటే దాన్ని ఆపగానే ఆ పట్టు సడలుతుంది. అదే అధ్యయనంలో 48 వారాలకు మహిళల సగటు పెరుగుదల ఎఫావిరెంజ్‌తో 1.7 కిలోలు, మన టీఎల్‌డీ లాంటి కాంబినేషన్‌తో 3.2, డొలుటెగ్రావిర్‌కు టాఫ్ (టెనోఫోవిర్‌లో కొత్త రకం) కలిస్తే 6.4.

అపోహ: టాఫ్ ఖరీదైన మందు కాబట్టి అన్నిటికీ మంచిదే.

కిడ్నీలకు, ఎముకలకు మేలే. అయితే టీఎల్‌డీలో ఉండే పాత టెనోఫోవిర్, అంటే టీడీఎఫ్, కొలెస్ట్రాల్‌ను కాస్త తగ్గించి ఉంచుతుంది. టాఫ్‌కు మారితే ఆ లాభం పోతుంది, బరువూ పెరగొచ్చు. బయట కొనుక్కుని మారేవాళ్లు ముందు లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించుకోండి.

అపోహ: షుగర్ మాత్రకూ హెచ్‌ఐవీ మందుకూ సంబంధం లేదు.

ఉంది, గట్టిగానే ఉంది. డొలుటెగ్రావిర్ వేసుకుంటే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ రక్తంలో ఎక్కువగా నిలుస్తుంది. అందుకే సాధారణంగా రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వం. షుగర్ డాక్టరుకు హెచ్‌ఐవీ సంగతి చెప్పలేక దాచేవాళ్లు చాలామంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. చెప్పలేకపోతే కనీసం ఆయన రాసిన చీటీ తెచ్చి మాకు చూపించండి, డోసు మేం చూస్తాం. మందు మారాక దాహం, అతిమూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే వచ్చే నెల దాకా ఆగకండి.

అపోహ: క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష అంకె) పెరిగింది, కిడ్నీ పోయినట్టే.

డొలుటెగ్రావిర్ క్రియాటినిన్ బయటికి పోయే ఒక దారిని అడ్డుకుంటుంది. మొదటి కొన్ని వారాల్లో అంకె కొద్దిగా పెరిగి అక్కడే ఆగితే కిడ్నీ దెబ్బతిన్నట్టు కాదు. పెరుగుతూనే పోతే మాత్రం టీడీఎఫ్‌ను అనుమానించాలి.

అపోహ: మళ్లీ పాత మందు వేసుకుంటే సన్నబడతాం.

తగ్గుతారన్న గ్యారంటీ లేదు. తల తిరుగుడు, పీడకలలు మాత్రం తిరిగి రావొచ్చు. ఇక మాత్రలు మానేస్తే బరువు సంగతి అటుంచి వైరస్ పెరుగుతుంది, మందుకు లొంగకుండా పోయే ప్రమాదమూ ఉంది.

ఆవిడకు వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష), పరగడుపు షుగర్, లిపిడ్ రాశాను. బీపీ చూశాం. నడుముకు టేపు పెట్టి కొలత పుస్తకంలో రాసుకున్నాం. పొద్దున నడక, రాత్రి అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు అని మాట్లాడుకున్నాం. మిగిలిన 14 మాత్రలూ తనే లెక్కపెట్టి బాటిల్లో వేసుకుని, ఆ రాత్రి నుంచి రోజూ వేసుకుంటానని వెళ్లింది.