పందెం నష్టంలో వాటా: 1959 తీర్పు ఎందుకు మళ్లీ అక్కరకొచ్చింది

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో కేంద్రం నిషేధించాక పాత తగాదా ఒకటి మళ్లీ రాజుకుంది. ఇద్దరు కలిసి పందెం కాసి, నష్టమంతా ఒకరే కట్టుకుంటే, రెండోవారి వాటాను కోర్టు ఇప్పిస్తుందా? పందెం ఒప్పందం చెల్లదని, గెలిచిన సొమ్ముకు దావా వేయకూడదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ చెబుతుంది. కానీ ఈ తగాదా గెలిచిన సొమ్ము గురించి కాదు. దీనికి మూలం ఘేరూలాల్ పరేఖ్ కేసు.

ఘేరూలాల్, మహాదేవదాస్ మాయియా పొత్తు కుదుర్చుకుని ఉత్తరప్రదేశ్‌లోని హాపూర్ వర్తకులతో పందెం బేరాలు చేశారు. బేరాలు మాయియా వైపు పేరున, లాభనష్టాలు చెరిసగం. నష్టం వచ్చింది. వర్తకులు దావా వేసినా నిలవదు, ఎగ్గొట్టి ఉండవచ్చు. అయినా మాయియా పైసా మిగల్చకుండా కట్టేశాడు. సగం అడిగితే, పందేలు చెల్లవు కాబట్టి పొత్తూ చెల్లదన్నాడు ఘేరూలాల్. లాభమొస్తే సగం పుచ్చుకోవలసిన మనిషి అన్న మాట అది.

వివాదం సుప్రీంకోర్టుకెళ్లింది. 1959 మార్చిలో తీర్పు రాసింది అంతకుముందు ఆంధ్ర హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన కోకా సుబ్బారావు. పందెం చెల్లదు, కానీ అది నేరం కాదు. దాన్ని ఆనుకున్న పొత్తు చెల్లుతుందన్నారు. పందేన్ని ఆనుకున్న ఇలాంటి ఒప్పందాలను కూడా రద్దు చేసే 1865 నాటి చట్టం బొంబాయి ప్రాంతానికే పరిమితం, కాబట్టి ఈ పొత్తుకు అడ్డు రాలేదు.

మూలమే నేరమైతే సంగతి వేరు. 1725లో ఇంగ్లండులో దారిదోపిడీ చేసిన ఎవరెట్, తన వాటా ఇప్పించమని జతగాడు విలియమ్స్ మీద దావా వేశాడు. దోపిడీని మామూలు వ్యాపారంలా రాసుకొచ్చాడు. కోర్టు దావా కొట్టేసి, దాన్ని తెచ్చిన న్యాయవాదులకు జరిమానా వేసింది.

నేటి తగాదాలు ఈ రెంటి మధ్య నలుగుతున్నాయి. కేంద్ర చట్టం ఆట నడిపేవారిని, ప్రచారం చేసేవారిని, చెల్లింపులు జరిపేవారిని శిక్షిస్తుంది, ఆడేవారిని కాదు. అంతవరకైతే మాయియా వాదానికి చోటుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ జూద చట్టాలకు చేసిన సవరణలు మాత్రం ఆన్‌లైన్‌లో ఆడేవారినీ శిక్ష పరిధిలోకి తెచ్చాయి. కాబట్టి ఇక్కడ వాటా కోసం దావా వేసేవారు పందెం ఆ సవరణకు ముందుదా, తరవాతదా అన్నది మొదట తేల్చుకోవాలి.